రెండు పిన్నులు, మూడు తీగలు

చేతి రేడియో పక్కనున్న రబ్బరు మూతను గోటితో ఎత్తితే రెండు గుండ్రటి రంధ్రాలు కనిపిస్తాయి. ఒకటి 3.5 మిల్లీమీటర్లది, రెండోది 2.5 మిల్లీమీటర్లది. ఇయర్‌ఫోను పెట్టేది అక్కడే, బయటి మైకు తగిలించేది అక్కడే, సెట్టులో ఛానళ్ళు నింపడానికి కంప్యూటరు కేబుల్ గుచ్చేదీ అక్కడే. జపాను కంపెనీ కెన్‌వుడ్ సెట్లలో ఉండే ఈ జంట పిన్నుల అమరికను చైనా తయారీదారులు చాలామంది అందుకున్నారు. 2012 నుంచి ప్రపంచమంతటా హ్యామ్‌ల (అమెచ్యూర్ రేడియో వాడేవారి) చేతుల్లో తిరుగుతున్న బావ్‌ఫెంగ్ యూవీ-5ఆర్ కూడా ఆ కోవలోదే. ఆ సెట్టుకు ఇంట్లో కేబుల్ తయారుచేసుకుని, కంప్యూటరుకు తగిలించి, మీట నొక్కాక తెర మీద ‘రేడియో జవాబివ్వలేదు’ అన్న ఒక్క వాక్యం కనిపిస్తే ఏం చేయాలో ఈ అధ్యాయంలో చూద్దాం.

సూర్యాపేట జిల్లా మునగాల లాంటి చోట ఈ కేబుల్ అవసరం నగరంలో కంటే ఎక్కువ. లెక్క వేసి చూడండి. హ్యామ్‌లు వాడే 144–146 మెగాహెర్ట్జ్ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి, నేల వంపు అడ్డొచ్చిన చోట నీరసిస్తాయి. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. నిలబడ్డ మనిషి చేతిలో సెట్టు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉంటుంది కాబట్టి అతని దిగంతం 5 కిలోమీటర్లు. ఇద్దరి దగ్గరా అలాంటి సెట్లే ఉంటే, మధ్యలో చెట్టూ పుట్టా లేవనుకున్నా 10 కిలోమీటర్లు దాటదు. మునగాల నుంచి కోదాడ తిన్నగా కొలిచినా సుమారు 15 కిలోమీటర్లు. సూర్యాపేట ఇంకా దూరం, మిర్యాలగూడ అంతకన్నా దూరం. అదే 100 మీటర్ల గుట్ట మీద, విన్నదాన్ని తిరిగి ప్రసారం చేసే రిపీటర్ ఉంటే రెండు దిగంతాలు కలిసి 46 కిలోమీటర్లవుతాయి. అంటే ఈ ప్రాంతంలో చేతి సెట్టుతో ఊరు దాటి మాట్లాడాలంటే రిపీటరే దిక్కు.

రిపీటర్‌తో మాట్లాడాలంటే మాత్రం సెట్టుకు చాలా సంగతులు చెప్పిపెట్టాలి. అది ఒక పౌనఃపున్యం మీద వింటుంది, మరో దాని మీద తిరిగి పలుకుతుంది. ఈ బ్యాండ్‌లో రెంటికీ మధ్య తేడా సాధారణంగా 600 కిలోహెర్ట్జ్. మన గొంతుతో పాటు 67 నుంచి 250 హెర్ట్జ్ దాకా ఉండే మంద్రమైన టోన్లలో దానికి నిర్ణయించినదాన్ని పంపితేనే చాలా రిపీటర్లు పలుకుతాయి. వినే పౌనఃపున్యం, పంపే పౌనఃపున్యం, టోను, శక్తి, ఛానలు పేరు ఇలా ఒక్కో ఛానలుకూ ఇన్ని వివరాలు. యూవీ-5ఆర్‌లో 128 ఛానళ్ళుంటాయి. వాటిని సెట్టు మీది చిన్న మీటలతో నింపడం మొదలుపెడితే పదో ఛానలు దగ్గరే తప్పులు దొర్లుతాయి. కంప్యూటరులో పట్టికలా రాసుకుని ఒక్కసారిగా సెట్టులోకి దించడానికి చిర్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అమెరికా హ్యామ్ డాన్ స్మిత్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. దానికీ సెట్టుకూ మధ్య కావలసింది కేబుల్ ఒక్కటే.

ఈ పని ముందుగానే ఎందుకు పూర్తిచేసి పెట్టుకోవాలో ఇక్కడి వాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల వానకు కోదాడ వీధుల్లోకి వరద వచ్చింది, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది, హైదరాబాద్–విజయవాడ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. పదేళ్ళ ముందు, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడినప్పుడు సెల్ టవర్లు మూగబోతే హ్యామ్‌లు సెట్లు పట్టుకుని రంగంలోకి దిగారు. అంతకు ముందు 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చిన వేళ, హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున అండమాన్ వెళ్ళిన భారతి ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. సరదాగా ప్రపంచంతో మాట్లాడటానికి పట్టుకెళ్ళిన సెట్లతోనే ఆ బృందం బయటి ప్రపంచానికి కబుర్లు అందించింది. ఎస్. సూరి 1983లో నెలకొల్పిన ఆ సంస్థ మన వాళ్ళెందరికో హ్యామ్ పరీక్షకు శిక్షణ ఇచ్చింది.

పరీక్ష మాట వచ్చింది కనుక ఒక విషయం గట్టిగా చెబుతాను. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ సెట్టు దగ్గర పెట్టుకోవడం 1933 నాటి చట్టం నుంచీ నేరమే. కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం పెట్టే పరీక్షకు పన్నెండేళ్ళు నిండినవాళ్ళెవరైనా కూర్చోవచ్చు. యూవీ-5ఆర్ హ్యామ్ బ్యాండ్ గీత దగ్గర ఆగదు. 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడ నింపితే అక్కడ పలుకుతుంది. కేబుల్ చేతికొచ్చాక ఎవరి పౌనఃపున్యంలోకైనా చొరబడే శక్తి వస్తుంది. కాబట్టి లైసెన్సు ముందు, సెట్టు తర్వాత, కేబుల్ ఆ తర్వాత.

ఈ విషయాల మీద దొరికే రాతలన్నీ దాదాపు ఇంగ్లీషులోనే ఉన్నాయి. అది నాకు బాధ కలిగించే సంగతి, మునగాల పేరు చెప్పుకుంటున్నప్పుడు మరీనూ. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో బ్రిటిష్ వారి కృష్ణా జిల్లాకు చెందిన పరగణాగా ఉన్న రోజుల్లో మునగాల సంస్థానానికి దివానుగా పనిచేసినవారు కొమర్రాజు లక్ష్మణరావు. రాజా నాయని వెంకటరంగారావు అండతో ఆయనా మిత్రులూ 1906లో హైదరాబాద్‌లో విజ్ఞానచంద్రికా మండలి పెట్టి, చరిత్రతో పాటు ప్రకృతి శాస్త్రాలను కూడా తెలుగు పుస్తకాలుగా తెచ్చారు. ఆ పని చేసినవారు నడిచిన నేల మీద, మూడు తీగల సంగతి తెలుగులో దొరకదని ఒక కుర్రవాడు వెనక్కి తగ్గకూడదు.

కేబుల్ నిర్మాణం చూద్దాం. ఒక కొసన యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే చిన్న పలక ఉంటుంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో అడిగితే ఇస్తారు, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. దాని మీద సీహెచ్340, సీపీ2102, ఎఫ్‌టీ232, పీఎల్2303 లాంటి చిప్ ఒకటి ఉంటుంది. రెండో కొసన రెండు స్టీరియో పిన్నులు. వాటి మధ్య నడిచేవి మూడే తీగలు. గ్రౌండు, కంప్యూటరు నుంచి రేడియోకు వెళ్ళేది, రేడియో నుంచి కంప్యూటరుకు వచ్చేది. పలక మీద 5 వోల్టుల కాలు కూడా ఉంటుంది. దానికీ సెట్టుకూ సంబంధం లేదు, ముట్టుకోవద్దు. సెట్టుకు దాని బ్యాటరీ చాలు.

స్టీరియో పిన్నుకు మూడు భాగాలు. చివర కొన, దాని వెనక వలయం, అన్నిటికన్నా వెనక మొదలు. యూవీ-5ఆర్‌లో సన్నటి పిన్ను మొదలు గ్రౌండు, దాని కొన స్పీకరు. లావు పిన్ను మొదలే మాట్లాడే మీట, హ్యామ్‌లు పీటీటీ అనేది. లావు పిన్ను మొదలును సన్న పిన్ను మొదలుకు కలిపితే మీట నొక్కినట్టే లెక్క, సెట్టు ప్రసారం మొదలుపెడుతుంది. రేడియో నుంచి వచ్చే తీగ ఏ వలయానికి వెళ్ళాలో మీ మోడల్ సర్క్యూట్ బొమ్మలో చూసుకుని అతకండి. జంట పిన్నులున్న సెట్లన్నిటిలోనూ లోపలి అమరిక ఒకటే అనుకోవడానికి లేదు.

ఇప్పుడు ఆ తీగల మీద ఏం నడుస్తుందో చెబుతాను. లోపాలు వెతకడం ఈ ముక్క తెలిసినవాళ్ళకు సులువు, తెలియనివాళ్ళకు ఏళ్ళ తరబడి గుడ్డి ప్రయోగం. కంప్యూటరూ రేడియో మాట్లాడుకోవడమంటే తీగ మీద వోల్టేజి దిగడం, ఎక్కడం. ఎవరూ మాట్లాడనప్పుడు తీగ పైనే ఉంటుంది, 3.3 వోల్టుల దగ్గర. బైటు మొదలవుతోందని చెప్పడానికి ఒక్క బిట్టు కాలం సున్నాకు దిగుతుంది. తర్వాత ఎనిమిది బిట్లు, చివరగా ఒక బిట్టు కాలం మళ్ళీ పైకి. మొత్తం పది. ఈ సెట్టు వేగం సెకనుకు 9600 బిట్లు, అంటే ఒక్కో బిట్టుకు 104 మైక్రోసెకన్లు. టెలిప్రింటర్ల కాలం నుంచీ వస్తున్న పద్ధతి ఇది. ఇద్దరికీ ఉమ్మడి గడియారం తీగ లేదు కనుక ఎవరి గడియారం వారిదే. బైటు మొదలైన క్షణం నుంచి లెక్కపెట్టుకుంటూ పోయి, పదో బిట్టు మధ్యలో చూసేసరికి తేడా అర బిట్టు మించకూడదు. అంటే రెండు గడియారాల మధ్య 5 శాతం దాకా తేడా ఉన్నా మాట సాగుతుంది. అందుకే చవక పలకలు కూడా నిక్షేపంగా పనిచేస్తాయి. గడియారం సరిగ్గా లేదేమోనన్న అనుమానాన్ని జాబితాలో ఆఖరున పెట్టుకోండి.

పాత డెస్క్‌టాప్ వెనక తొమ్మిది సూదుల సీరియల్ పోర్టు ఉందని దానికే నేరుగా తీగలు అతికేవాళ్ళున్నారు. అది ప్రమాదం. 1960ల నాటి ఆర్ఎస్-232 ప్రమాణం ప్రకారం నడిచే ఆ పోర్టులో ఊరకుండే స్థితి మైనస్ వోల్టేజి. 1 అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టుల మధ్య, 0 అంటే ప్లస్ 3 నుంచి ప్లస్ 15 మధ్య. 3.3 వోల్టుల చిప్‌కు ఇది తలకిందులుగా అర్థమవడమే కాక దాన్ని చంపేయగలదు కూడా. మీ దగ్గరున్న పరికరం ఏ రకమో మల్టీమీటర్ చెబుతుంది. కంప్యూటరుకు గుచ్చి, రేడియో తగిలించకుండా, పంపే కాలుకూ గ్రౌండుకూ మధ్య కొలవండి. 3.3 వోల్టులు చూపిస్తే మంచిది. 5 చూపిస్తే పలక మీద వోల్టేజి మార్చే జంపరు ఉందేమో చూడండి. మైనస్ గుర్తు కనిపిస్తే మాత్రం ఆ కేబుల్‌ను రేడియో దగ్గరికి తీసుకుపోవద్దు. సున్నా కనిపిస్తే పలకకు ప్రాణం లేదు.

ఇక్కడికి వచ్చాక, కొత్తగా కేబుల్ చేసినవాళ్ళను అన్నిటికన్నా ఎక్కువగా కంగారుపెట్టే లక్షణం వివరించవచ్చు. పిన్ను గుచ్చగానే సెట్టు మీద ఎర్ర దీపం వెలిగి, ఎవరూ మీట నొక్కకుండానే ప్రసారం మొదలవుతుంది. సెట్టు పాడైందని చాలామంది భయపడతారు. కారణం సెట్టు నిర్మాణంలోనే ఉంది. కంప్యూటరు పంపే మాటలు సెట్టులోకి వెళ్ళేదీ, మాట్లాడే మీట పనిచేసేదీ ఒకే తీగ మీద. ఆ తీగ సున్నాకు దిగితే సెట్టుకు మీట నొక్కినట్టు. మాటలు నడిచేటప్పుడు కూడా తీగ సున్నాకు దిగుతుంది కానీ దిగినప్పుడల్లా ఒక మిల్లీసెకను లోపే మళ్ళీ లేస్తుంది, కాబట్టి సెట్టు దాన్ని మీటగా తీసుకోదు. దిగిన తీగ దిగినట్టే ఉండిపోతే ప్రసారం మొదలుపెడుతుంది.

ఉండిపోవడానికి మూడు దారులున్నాయి. కేబుల్ యూఎస్‌బీ కొస కంప్యూటరుకు తగిలించకుండానే పిన్ను రేడియోలో గుచ్చడం మొదటిది. కరెంటు లేని చిప్ కాళ్ళలో ఉండే రక్షణ డయోడ్లు రేడియో తీగలోని వోల్టేజిని లోపలికి లాక్కుని కిందకు దించేస్తాయి. పిన్ను లోపల సోల్డరు ముద్ద లావు పిన్ను మొదలును గ్రౌండు తీగకు కలిపేయడం రెండోది. గ్రౌండు, పంపే తీగ తారుమారు కావడం మూడోది. మొదటిదానికి మందు తేలిక. ముందు కంప్యూటరుకు, తర్వాత సెట్టుకు, ఆ తర్వాతే సెట్టు ఆన్ చేయడం. తీసేటప్పుడు ఇదంతా వెనక నుంచి ముందుకు. యాంటెన్నా మాత్రం తీయకండి. అనుకోకుండా ప్రసారం మొదలైతే యాంటెన్నా లేని సెట్టులో ఆ శక్తి వెనక్కి తన్ని చివరి ట్రాన్సిస్టరును వేడెక్కిస్తుంది. ఎవరూ వాడని హ్యామ్ ఛానలు ఎంచుకుని, శక్తి తక్కువలో పెట్టుకుని పని మొదలుపెట్టడం మర్యాద.

ఎర్ర దీపం వెలగడం నిజానికి మంచి వార్తే, కనీసం ఒక తీగ సెట్టు దాకా చేరిందని తెలుస్తుంది. కష్టమంతా నిశ్శబ్దంతోనే. ‘రేడియో జవాబివ్వలేదు’ అన్న వాక్యం వెనక డ్రైవరు ఉండొచ్చు, పోర్టు నంబరు ఉండొచ్చు, తెగిన తీగ, తారుమారైన తీగ, సగమే దిగిన పిన్ను, మోడల్ ఎంపికలో పొరపాటు, ఏదైనా ఉండొచ్చు. అన్నిటి గొంతూ ఒకటే. ఇలాంటప్పుడు చేతికి దొరికినదాన్ని మార్చి చూడటం, మళ్ళీ సోల్డరు చేయడం, మళ్ళీ డ్రైవరు ఎక్కించడం మొదలుపెడితే బాగున్నవి కూడా పాడవుతాయి. ఒకేసారి రెండు మార్చితే ఏది పనిచేసిందో ఎన్నటికీ తెలియదు. కాలువ చివరి మడికి నీళ్ళు అందకపోతే రైతు కాలువ మొత్తం తవ్వుకుంటూ పోడు, మధ్య తూము దగ్గరికి వెళ్ళి చూస్తాడు. అక్కడ నీళ్ళుంటే లోపం కింద, లేకుంటే పైన. ఈ కేబుల్‌లోనూ అలాంటి మధ్య తూము ఒకటుంది.

పలక మీద పంపే కాలును, అందుకునే కాలును చిన్న తీగ ముక్కతో కలపండి. రేడియో వైపు తీగలు ఇంకా అతకకముందే ఈ పరీక్ష చేసుకుంటే మరీ సుఖం. ఏదైనా టెర్మినల్ ప్రోగ్రాం తెరిచి, ఆ పోర్టు ఎంచుకుని, కీబోర్డు మీద అక్షరాలు కొట్టండి. కొట్టినవి తెర మీదికి తిరిగి వస్తే కంప్యూటరు, డ్రైవరు, పోర్టు నంబరు, యూఎస్‌బీ తీగ, చిప్ అన్నీ ఒక్క దెబ్బకు నిర్దోషులు. కలిపిన ముక్క తీసేయగానే అక్షరాలు ఆగిపోవాలి. ఈ రెండో సగం చాలామంది మర్చిపోతారు. ముక్క తీసినా అక్షరాలు వస్తూనే ఉంటే టెర్మినల్ తనంతట తానే చూపిస్తోందన్నమాట, ఆ అమరిక ఆపి మళ్ళీ చూడాలి. రెండు నిమిషాల ఈ పరీక్ష చేయకుండా సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోకూడదని నా అభిప్రాయం.

అక్షరాలు రాకపోతే లోపం పై సగంలో ఉంది. అక్కడ నకిలీ చిప్‌ల గొడవ తెలుసుకోవాలి. తైవాన్ కంపెనీ ప్రొలిఫిక్ తయారుచేసే పీఎల్2303 చిప్‌కు నకళ్ళు లెక్కలేనన్ని వచ్చాయి. నకిలీలను గుర్తుపట్టి పనిచేయకుండా నిలబడే డ్రైవర్లను కంపెనీ విడుదల చేసింది. విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పక్కన ‘కోడ్ 10, పరికరం ప్రారంభం కాలేదు’ అని కనిపిస్తే చాలావరకు ఇదే సంగతి. పాత డ్రైవరు, ముఖ్యంగా 3.2 వెర్షను ఎక్కించి చాలామంది గట్టెక్కారు. స్కాట్లండ్ కంపెనీ ఎఫ్‌టీడీఐ 2014లో ఇంకా ముందుకు వెళ్ళింది. దాని కొత్త డ్రైవరు నకిలీ చిప్‌లలోని గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చేసింది, దాంతో అవి ఏ కంప్యూటరుకూ కనిపించకుండా పోయాయి. తెలియక కొన్న వినియోగదారులు నష్టపోతున్నారని గోల రేగాక ఆ డ్రైవరును వెనక్కి తీసుకుంది. తయారీదారు కోపం న్యాయమైనదే అయినా శిక్ష పడింది చివరి కొనుగోలుదారుకు, అది నాకు సమ్మతం కాదు. మన ప్రాంతంలో కొత్తగా కొనేవాళ్ళకు నా సలహా సీహెచ్340 గానీ సీపీ2102 గానీ తీసుకోమని. లినక్స్‌లో ఈ రెంటికీ డ్రైవర్లు ముందే ఉంటాయి. అక్కడ అడ్డుపడేది అనుమతి. వాడేవారి పేరు ‘డయలవుట్’ గుంపులో చేర్చి, లాగవుట్ అయి మళ్ళీ లాగిన్ కావాలి.

అక్షరాలు తిరిగి వస్తే లోపం కింది సగంలో, తీగలూ పిన్నుల్లో. సెట్టు తీసి పక్కన పెట్టండి. మీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి పలక కాలి నుంచి పిన్ను భాగం దాకా ఒక్కో తీగా చూడండి. బీప్ రావాల్సిన చోట వస్తోందా అని చూడటం సగం పనే, రాకూడని చోట రావడం లేదని కూడా చూడాలి. చవక పిన్నుల లోపల భాగాలను విడదీసే ప్లాస్టిక్ సోల్డరింగ్ వేడికి కరిగిపోతుంది. వలయం, మొదలు లోపలే అంటుకుంటాయి, పైకి చూస్తే పిన్ను కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. వేడి పట్టేముందు పిన్నును మరో సాకెట్‌లో గుచ్చి ఉంచితే భాగాలు కదలవు. పాత ఇయర్‌ఫోన్ తీగ కోసి వాడుతుంటే ఇంకో చిక్కు. అందులోని సన్నటి రాగి పోగుల మీద రంగు లక్క పూత ఉంటుంది, దాన్ని కాల్చో గీకో తీయకపోతే సోల్డరు పైపైన అంటుకుంటుంది, కరెంటు పోదు. ఫోన్ ఇయర్‌ఫోన్ పిన్నుకు రెండు వలయాలుంటాయి, అది ఈ సెట్టుకు పనికిరాదు. వలయమే లేని మోనో పిన్ను అంతకన్నా చేటు, సెట్టు లోపల వలయాన్నీ మొదలునూ ఒకటి చేసేస్తుంది. చేయి వణికేవాళ్ళు కోదాడలోనో సూర్యాపేటలోనో సెల్‌ఫోన్ రిపేరు చేసేవారి సాయం తీసుకోవచ్చు. ఇంతకన్నా పది రెట్లు చిన్న అతుకులు వాళ్ళు రోజూ వేస్తుంటారు.

తీగలన్నీ బాగున్నా సెట్టు పలకకపోతే పిన్ను ఎంత లోతుకు దిగిందో చూడండి. ఈ జాతి సెట్లలో అతి సామాన్యమైన లోపం ఇదే, కొన్న కేబుళ్ళలోనూ ఉంటుంది. పిన్ను చుట్టూ ఉన్న ప్లాస్టిక్ దిమ్మె సెట్టు అంచుకు తగులుకుని, పిన్ను ఒక మిల్లీమీటరు ముందే ఆగిపోతుంది. కొన వలయం దగ్గర, వలయం మొదలు దగ్గర నిలబడతాయి. గట్టిగా నొక్కినప్పుడు ‘టక్’ మని ఇంకాస్త దిగితే లోపం దొరికినట్టే. దిమ్మె అంచును బ్లేడుతో చెక్కేస్తే సరిపోతుంది. రెండు పిన్నులను ఒకే దిమ్మెలో బిగించేవాళ్ళు సెట్టులో గుచ్చి ఉంచి జిగురు పోస్తే దూరం కచ్చితంగా వస్తుంది.

ఆ తర్వాత మిగిలేది తారుమారు. పలక మీద పంపే కాలు రేడియో అందుకునే తీగకు వెళ్ళాలి, రేడియో పంపేది పలక అందుకునే కాలుకు. కొందరు తయారీదారులు కాలు పేరు తమ వైపు నుంచి రాస్తారు, కొందరు అవతలి వైపు నుంచి. అనుమానముంటే రెండూ మార్చి చూడవచ్చు. 3.3 వోల్టుల దగ్గర, మధ్యలో వెయ్యి ఓముల నిరోధకం ఒకటి వేసుకుంటే, ఈ ప్రయోగంలో ఏదీ కాలిపోదు.

ఇప్పుడు సెట్టుతో నేరుగా మాట్లాడదాం. చిర్ప్ తెర వెనక చేసేది ఇదే. ముందు ఏడు బైట్ల పిలుపు పంపుతుంది. పదహారు అంకెల లెక్కలో 50, బీబీ, ఎఫ్ఎఫ్, 20, 12, 07, 25. చివరి నాలుగూ 2012 జులై 25 అన్న తేదీలా కనిపిస్తాయి. మొదటి తరం సెట్లకు పిలుపు వేరు, చివరి నాలుగు బైట్లు 01, 25, 98, 4డీ. బైటుకూ బైటుకూ మధ్య సెకనులో వందో వంతు ఆగుతుంది. పిలుపు నచ్చితే సెట్టు 06 అనే ఒక్క బైటు తిప్పి పంపుతుంది, టెలిప్రింటర్ల నాటి నుంచీ ‘అందింది’ అనడానికి వాడే గుర్తది. బైట్లను అంకెల రూపంలో పంపగల టెర్మినల్ ఉంటే ఈ పిలుపు చేత్తోనే పంపి చూడవచ్చు. 06 వచ్చిందా, కేబుల్ నూటికి నూరు పాళ్ళూ బాగుంది. ఏమీ రాకపోతే రెండో పిలుపు పంపి చూడండి. మీరు పంపిన 50 మీకే తిరిగి వస్తే పంపే తీగా అందుకునే తీగా పిన్ను లోపల కలిసిపోయాయి. అర్థంలేని బైట్లు వస్తుంటే వేగం 9600 కాకుండా మరోటి ఎంచుకున్నారు, లేదా గ్రౌండు సరిగ్గా తగలడం లేదు.

జవాబు వచ్చాక చిర్ప్ సెట్టు జ్ఞాపకాన్ని 64 బైట్ల ముక్కలుగా అడిగి తీసుకుంటుంది. ప్రతి ముక్కకూ కంప్యూటరు అడగాలి, సెట్టు ఇవ్వాలి. దీన్నుంచి పనికొచ్చే ఒక తీర్మానం దొరుకుతుంది. చదవడం చివరి దాకా సాగితే మూడు తీగలూ బాగున్నట్టే. చదవడం కుదిరి రాయడం కుదరకపోతే కేబుల్‌ను అనుమానించకండి, చిర్ప్‌లో ఎంచుకున్న మోడల్‌నూ సెట్టు ఫర్మ్‌వేర్‌నూ చూసుకోండి. చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోతే, అదీ ప్రతిసారీ వేరే చోట ఆగితే, లూజ్ కాంటాక్టు. తీగను పిన్ను మెడ దగ్గర మెల్లగా కదుపుతూ చదివించి చూస్తే ఏ వైపు వంచినప్పుడు ఆగుతోందో తెలిసిపోతుంది. ప్రతిసారీ ఒకే చోట ఆగితే మాత్రం తీగ తప్పు కాదు.

చదివిన బైట్లలో మన ఛానళ్ళు కంటికి కనిపిస్తాయి కూడా. ఒక్కో ఛానలుకు 16 బైట్లు. అందులో మొదటి నాలుగూ వినే పౌనఃపున్యం, పది హెర్ట్జ్‌ల లెక్కలో, వెనక నుంచి ముందుకు రాసి ఉంటుంది. 145.500 మెగాహెర్ట్జ్ అయితే 00, 00, 55, 14. కుడి నుంచి ఎడమకు జంటలుగా చదివితే 14 55 00 00. తర్వాతి నాలుగు బైట్లలో పంపే పౌనఃపున్యం. 600 కిలోహెర్ట్జ్ తేడా అక్కడ స్పష్టంగా చూడవచ్చు. మీటలతో ఒక ఛానలు నింపి, చదివించి, ఆ నాలుగు బైట్లు వెతికి పట్టుకోవడం హైస్కూలు పిల్లలకు చక్కటి ప్రయోగమవుతుంది. సైన్సు ఫెయిర్లలో అగ్నిపర్వతాల నమూనాల పక్కన ఇలాంటిది ఒకటి పెడితే చూడాలని ఉంది.

మొదటిసారి చదవడం పూర్తికాగానే ఆ ఫైలును వేరే పేరుతో దాచిపెట్టుకోండి, సెట్టులోకి ఏదీ రాయకముందే. రాయడంలో ఏ తేడా జరిగినా సెట్టును మునుపటి స్థితికి తేవడానికి అదే ఆధారం. వేరొకరి సెట్టు నుంచి చదివిన ఫైలును మీ సెట్టులోకి తోయకండి, లోపలి సర్దుబాట్లు సెట్టుకూ సెట్టుకూ వేరుగా ఉండొచ్చు. ఆ తర్వాత ఏ మీటా ముట్టుకోకుండా రెండోసారి చదివి, రెండు ఫైళ్ళలోని ఛానళ్ళనూ వరసగా పోల్చి చూడండి. పంక్తి పంక్తీ కలిస్తే కేబుల్‌ను నమ్మవచ్చు. పలక మీద చిన్న కాగితం అతికించి చిప్ పేరు, డ్రైవరు వెర్షను, ఏ రంగు తీగ ఏ పిన్ను భాగానికి వెళ్ళిందో రాసి, దాని మీద పారదర్శకమైన టేపు చుట్టండి.